గోడ మీద మా నాయన

ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ పక్కన ఒక ఎనుము ఉండేది. ఏళ్ల తరబడి గడ్డితో పాటు సిమెంటు దుమ్ము కూడా మేసింది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. తడిసిన ఎనుము తెల్లారేసరికి నిలబడింది నిలబడినట్టే గట్టిపడిపోయింది. ఇప్పటికీ లారీ డ్రైవర్లు దాని కొమ్ములకు తాడు కట్టి లుంగీలు ఆరేసుకుంటారు.

ఈ కథ నేను చెప్పని రైతు మా చుట్టుపక్కల లేడు. నందికొట్కూరులో నాది బోరు మోటర్లు బాగుచేసే షాపు. కాలిపోయిన మోటరు తెచ్చుకున్న రైతు ముఖం మీరు చూసి ఉండరు. అక్కడ పొలంలో మిరప వాడిపోతూ ఉంటుంది, ఇక్కడ నేను రాగి తీగ చుట్టేదాకా ఆయన నా ఎదురుగా స్టూలు మీద కూచోవాలి. ఆ ముఖం చూస్తూ పని చేయడం నాకు చేతకాదు. అందుకని ఏదో ఒకటి చెబుతాను. దేవుని మీద ఒట్టు పెట్టి మరీ చెబుతాను. వాళ్లు నవ్వుతారు. మోటరు బండికెత్తుకుని పోతూ పోతూ, "నీ నోట్లో నిజమనేది పుట్టనే లేదప్పా" అంటారు. దాన్ని నేను ఇన్నాళ్లూ మెచ్చుకోలు కిందే జమ కట్టుకున్నాను.

మా పాప కడపలో బొమ్మల చదువు చదువుతోంది. కథల పుస్తకాలకూ సినిమాలకూ ఫోన్లో ఆడుకునే ఆటలకూ కొత్త మనుషుల్ని పుట్టించే చదువు. ఆఖరి ఏడాదిలో వాళ్ల మేడం ఒక పని ఇచ్చింది. ముగ్గురు చిత్రకారుల్ని ఎంచుకోవాలి. వాళ్లు తమ పాత్రల్ని ఎలా తయారుచేశారో బాగా చూడాలి. ఆ చూసినదాంట్లోంచి తన సొంత పాత్రను ఒకదాన్ని గీయాలి. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, నడుస్తూ, కోపంగా, నవ్వుతూ, అన్ని రకాలుగా.

ఇద్దర్ని పాప ముందే ఎంచుకుని వచ్చింది. ఒకామె ఎక్కడో చలిదేశంలో ఉంటుందట, మనుషులందరినీ గుండ్రాలతోనే గీస్తుంది. ఆమె బొమ్మల్లో ముసలివాళ్లు కూడా అప్పుడే పొంగిన పూరీల్లా ఉన్నారు. రెండో ఆయన రైళ్లలో తిరుగుతూ నిద్రపోయేవాళ్లనే గీస్తాడట. ఆ బొమ్మలన్నీ ప్రింటు తీయించి మా ఇంటి మంచం మీద పరిచింది. వాటి మీద మోకాళ్లు పెట్టుకుని కూచుని, ఎవరి ముక్కు ఎందుకు అట్లా ఉందో, ఎవరి భుజం ఎందుకు వంగిందో నాకు చెప్పుకుంటూ పోయింది.

"మనిషిని మొత్తం నల్లగా నింపేసినా వీడు ఫలానా అని తెల్సిపోవాల నాన్నా. అప్పుడే అది పాత్ర."

"మన ఊర్లో కరెంటు పోతే అందరూ అట్లే ఉంటారు కదా పాపా."

"జోకులు తర్వాత. మూడో ఆర్టిస్టు మన సొంత ఊరోళ్లు కావాలంట. ఫోన్లో దొరకనోళ్లు. నీకు ఎవరన్నా తెలుసా?"

ఎందుకు తెలియదు. బస్టాండు గోడ మీద తేలును గీసిన ఆయన గురించి చెప్పాను. రంగు ఆరకముందే అది కండక్టర్ను కుట్టిందని, ఆ కండక్టరు ఇప్పటికీ టికెట్టు ఎడమచేత్తో చింపుతాడని చెప్పాను.

"నాన్నా, నిజంగా ఉన్నోళ్లు."

మా ఆవిడ వేంపల్లె మనిషి. ఏ మాటైనా పక్క గదిలోంచే విని, పక్క గదిలోంచే జవాబు చెబుతుంది. "ఎందుకు ల్యాకపోతారు? మీ నాయన సొంతూర్లో గోడౌను గోడ మీద బొమ్మ గీసినాయప్ప ఉండ్లా? మీ తాత బొమ్మ. పోయి చూడు."

"ఆ గోడ పోయినేడు వానకు పడిపాయె" అన్నాను.

"పోయిన వారం బస్సు దిగి దాని నీడన్నే నిలబడితిని" అంది పక్క గది.

పాప నా వైపు చూసింది. తాత బొమ్మ ఒకటుందని ఆ రోజు దాకా దానికి తెలియదు. తెలియకుండా నేనే చూసుకున్నాను. మా నాయనకు ఒక్క ఫొటో కూడా లేదు. ఓటు కార్డుకు ఫొటోలు తీసేవాళ్లు మా ఊరికి వచ్చేసరికి ఆయన పోయాడు. ఆయన ముఖం అంటూ ఈ లోకంలో మిగిలింది ఆ గోడ మీదే. అక్కడ ఆయన తాగుబోతు.

సారా వద్దని ఆడవాళ్లు రోడ్డెక్కిన కాలం అది. అప్పుడు నేను బడికి పోతున్నాను. ఊరూరా గోడల మీద బొమ్మలు గీయించారు. సీసా ఎత్తిన తాగుబోతు మొగుడు, ఏడుస్తున్న పెళ్లాం, బోర్లించిన కుండ. మా ఊరికి కర్నూలు నుంచి ఒక పెయింటర్ భాయి వచ్చాడు. మంచి పనిమంతుడు. కానీ ఆయనకొక పట్టు ఉండేది. ఎదురుగా మనిషి కూచోకపోతే ముఖం గీసేవాడు కాదు. "మనసులోంచి గీస్తే అందరూ అన్నదమ్ముల మాదిరి వస్తారప్పా. ముందర మనిషి ఉంటేనే నా చెయ్యి ఆడేది" అనేవాడు. పెళ్లాం బొమ్మకు ఒకామె కూచుంది. తాగుబోతు బొమ్మకు ఎవరూ దొరకలేదు.

ఊళ్లో తాగేవాళ్లకు కొదవ లేదు. కానీ తాగేవాడెవడూ కూచోలేదు. అడిగినందుకే ఒకాయన చర్నాకోలు తీసుకుని భాయిని చెరువు కట్ట దాకా తరిమాడు. భాయి రెండు పూటలు ఖాళీ గోడను చూస్తూ బీడీలు కాల్చాడు. అప్పుడు మా నాయన పోయి స్టూలు మీద కూచున్నాడు.

మా నాయన వారమంతా కూలికి పోయేవాడు. ఆదివారం మా ఊరి చర్చి గంట ఆయన చేతిలో ఉండేది. తాతల కాలం నాటి రాతి గుడి అది, గంట తాడు కూడా అంత పాతదే. జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు. అందుకే కూచున్నాడు. మా అమ్మ వద్దంటే, "నేను తాగనని ఊరందరికీ తెల్సు. నాకేమి భయం? బొమ్మే కదా" అన్నాడట. చేతిలో సీసా ఉండాలని భాయి అడిగితే ఇంటికొచ్చి కిరసనాయిలు సీసా తీసుకుపోయాడు. భాయి ఆ ముఖాన్ని ఉన్నదున్నట్టు దించి, కళ్లకు మాత్రం ఎర్ర రంగు పెట్టాడు. పెదవి కొంచెం కిందికి జార్చాడు. అంతే, ఇంకేమీ మార్చలేదు.

ఊరంతా వచ్చి చూసింది. అచ్చం దిగినాడన్నారు. మొదట అది నవ్వులాట. ఆయన ఎదురైతే "ఏమప్పా, ఈ పొద్దు ఎంత పట్టించినావు?" అనేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వులాట పాతబడింది కానీ మాట పోలేదు. ఊళ్లో మా నాయన పేరే ఉన్నవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు కాబట్టి, గుర్తుకు తాగుబోతాయన అనడం మొదలైంది. మా తర్వాత పుట్టిన పిల్లలకు అది నవ్వులాట అని చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

గుడిలో బల్ల ఆరాధన రోజు, ప్రభువు పేరున తలా ఒక గుక్క తాగే ద్రాక్షరసం గిన్నె చేతులు మారుతూ వస్తుంది. ఒకసారి ఆ గిన్నె మా నాయన చేతికి వచ్చినప్పుడు వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాళ్లూ ఆపుకోలేకపోయారు. పాస్టరు అయ్యగారు కూడా తల వంచుకుని గడ్డం తుడుచుకున్నాడు. మా నాయన గిన్నెను అట్లే పక్కాయనకు అందించాడు. ఆ తర్వాత బల్ల ఆరాధన ఉన్న రోజు ఆయన గంట కొట్టి, తాడు పక్కనే బయట కూచునేవాడు. దేవుడి ముందర ఆ ఒక్క గుక్క కూడా తాగకుండానే పోయాడు.

బడిలో ఎవరైనా ఆ మాట ఎత్తబోతే, అంతకంటే పెద్ద మాట ఏదో నేనే ముందుగా అందుకునేవాణ్ని. చింతచెట్టు నిద్రలో నడిచిందనో, మా మేక పలకా బలపం పట్టిందనో. పిల్లలు అటు తిరిగి నవ్వేవాళ్లు. నా నోటికి ఆ అలవాటు అట్లా పడింది. తర్వాత అది నన్ను విడిచిపెట్టలేదు, నేనూ దాన్ని విడవలేదు.

పాపను బండి మీద తీసుకుపోయాను. గోడౌను గోడ చూరు కింద ఉండడంతో రంగు పూర్తిగా పోలేదు. ఏడ్చే పెళ్లాం రాలిపోయింది, కుండ పోయింది. మా నాయన నడుము కింద ఒక పార్టీ రంగూ, దాని మీద ఇంకో పార్టీ రంగూ పూసి ఉన్నాయి. నడుము పైన ఆయన అట్లే ఉన్నాడు, సీసా ఎత్తుకుని. పాప బండి దిగి కదలకుండా నిలబడింది.

"ఏం గీసినాడు నాన్నా" అంది మెల్లగా. "ఆ మెడ చూడు. ఆ చెయ్యి ఎత్తు చూడు."

చూరు కింద అరుగు మీద ఒకాయన తుండు పరుచుకుని పడుకుని ఉన్నాడు. లేచి కూచున్నాడు. "ఎవరప్పా? నువ్వా? ఈ పాప నీ బిడ్డనా? తాతను చూపిద్దామని పిల్చుకొచ్చినావా? చూడు పాపా, మీ తాత ఆయనే. పొద్దు మునిగితే చాలు, ఈ గోడ పట్టుకోనే ఇంటికి పోతాండె."

మా నాయన పోయేసరికి ఈయన ఇంకా నిక్కరు కూడా వేసుకోని పిల్లవాడు.

"నువ్వు చూసినావా?" అన్నాను.

"నేను చూసేదేముందప్పా. గోడ మీద ఏసి పెట్టినాక ఇంగ చూసేదేమి?"

నేను పాప వైపు తిరిగాను. "పాపా, మీ తాత చుక్క ముట్టలేదు. తాగనోడు కాబట్టే ఆ బొమ్మకు కూచున్నాడు. దేవుని తోడు."

అరుగు మీదాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎనుము గట్టిపడినప్పుడు గూడా దేవుని తోడే కదప్పా. మా మామకు మోటరు చుట్టిచ్చినప్పుడు చెప్పినావంట."

పాప కూడా నవ్వింది. వెటకారంగా కాదు. నేను ఏ కథ చెప్పినా చివర్లో అది అట్లే నవ్వుతుంది, నేనంటే ఇష్టం కొద్దీ. ఆ నవ్వు కోసమే నేను దాని చిన్నప్పటి నుంచీ కథలు చెబుతూ వచ్చాను. ఆ రోజు గోడ దగ్గర అది నవ్వుతుంటే నేను బండి స్టార్టు చేశాను.

ఇంటికొచ్చాక మా ఆవిడను పట్టుకుని, "నువ్వైనా చెప్పు" అన్నాను. ఆమె కాపురానికి వచ్చేసరికి మా నాయన లేడు. పెళ్లిచూపులప్పుడే ఎవరో చెవిన వేశారట, పిల్లోడు మంచోడే, వాళ్ల నాయనే తాగి తాగి పోయినాడని. "పోయిన మనిషి గురించి ఇప్పుడెందుకు లేప్పా. తాగితే తాగినాడు, మంచాయనే కదా" అంది. ఇంతకంటే దయగా ఆమె ఏమీ అనలేదు.

పాప పని మొదలుపెట్టింది. పెయింటర్ భాయి ఎట్లా గీసేవాడో, ముందు మనిషిని ఎందుకు కూచోబెట్టుకునేవాడో అన్నీ నన్నే అడిగి రాసుకుంది. గోడ మీద నడుము కింద బొమ్మ లేదు కాబట్టి మిగతాది నేనే చెప్పాలి.

"తాత ఎట్ల నడిచేవాడు నాన్నా?"

చిన్నప్పుడు ఎద్దులబండి చక్రం పాదం మీద పోయింది, అందుకని ఎడమకు ఒరిగి నడిచేవాడని చెప్పాను.

"ఎండలో?"

ఒక కన్ను మూసుకునేవాడని చెప్పాను.

"నీళ్లు తాగినాక మూతి ఎట్ల తుడుచుకునేవాడు?"

తువ్వాలు కొసతో, రెండుసార్లు తుడుచుకునేవాడని చెప్పాను. అది అడిగే కొద్దీ నాకు గుర్తొస్తూ పోయాయి, ఏళ్ల నుంచి నేనే మరిచిపోయినవి. ఆయన చెవి వెనక బీడీ పెట్టుకునేవాడు కాదు, వేపపుల్ల పెట్టుకునేవాడు. గంట కొట్టేముందు తాడును ఒకసారి అరచేత్తో నిమిరేవాడు. నా బతుకులో ఇన్ని నిజాలు వరసగా ఎప్పుడూ చెప్పలేదు. పాప తలెత్తకుండా రాసుకుంటూ ఉంటే, నమ్ముతోందనే అనుకున్నాను.

ప్రదర్శన రోజు కడపకు బస్సులో పోయాను. కాలేజీ హాల్లో పిల్లలంతా తమ పాత్రల్ని గోడలకు తగిలించారు. ఎక్కువమందివి కత్తులు పట్టిన వీరులూ రెక్కల ఆడపిల్లలూ. మా పాప బొమ్మల దగ్గరే జనం నిలబడి ఉన్నారు. నాకు దారి ఇచ్చారు.

మా నాయన. పక్క నుంచి ఆయన ముక్కు. వెనక నుంచి ఆయన మెడ కింద గుంట. గోడ మీద ఆయన్ను ముందు నుంచి చూడడమే తప్ప ఇన్నేళ్లలో పక్క నుంచి చూసింది లేదు. కొంచెంసేపు అది ఒక్కటే చూశాను.

తర్వాత మిగతావి కనబడ్డాయి. ఎడమకు ఒరిగి నడుస్తున్నాడు, తూలుతూ. ఒక కన్ను మూసుకున్నాడు, మత్తులో. తువ్వాలుతో రెండుసార్లు మూతి తుడుచుకుంటున్నాడు, పక్కన సీసా. అన్నిట్లోనూ సీసా ఉంది. కింద వరసలో మనిషిని మొత్తం నల్లగా నింపిన బొమ్మలు. అందులోనూ సీసా వల్లే ఆయన ఆయనగా తెలుస్తున్నాడు. పైన పెద్ద అక్షరాలతో 'తాగని తాత' అని పేరు. పక్కన చిన్న కాగితం మీద పాప రాసిన వివరం: 'ఈ పాత్ర ఎంత తాగినా నేను చుక్క ముట్టలేదని దేవుని మీద ఒట్టు వేస్తుంది. ఈ గుణం మా నాన్న చెప్పే కథల నుంచి తీసుకున్నాను.'

చదివినవాళ్లందరూ నవ్వుతున్నారు. హాయిగా, లోపల ఏ చెడూ పెట్టుకోకుండా నవ్వుతున్నారు.

వాళ్ల మేడం వచ్చి నమస్కారం పెట్టింది. "మీరు శానా బాగా కథలు చెప్తారంట కదండీ. ఈ బ్యాచిలో ఇంత ప్రాణమున్న పాత్ర ఇంకొకటి లేదు. గోడ మీది బొమ్మలో లేని గుణం మీ మాటల్లోంచే పట్టుకునింది మీ పాప."

"ఆయన నిజంగానే తాగలేదండీ" అన్నాను.

మేడం తల వెనక్కి వేసి నవ్వింది. "ఇదే కదా. అచ్చం ఇట్లనే ఉండాది పాత్ర" అంది పాపతో. పాప ముఖం వెలిగిపోతోంది. నా చెయ్యి పట్టుకుని ఊపింది. ఇంకోసారి చెప్పాలని నోరు తెరిచాను. ఎన్నిసార్లు చెబితే ఆ పాత్ర అంత బలపడుతుందని అప్పుడు తెలిసింది. మూసుకున్నాను.

జనం పలచబడ్డాక పాపను అడిగాను. "సీసా తీసేసి ఒక బొమ్మ గీసియ్యి పాపా. ఇంట్లో పెట్టుకుంటా."

"సీసా తీసేస్తే ఆయనెవరో ఎవరికీ తెలీదు కదా నాన్నా" అంది ప్రేమగానే, నేర్చుకున్న పాఠం చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

దాని బల్ల మీద పారేయడానికి పెట్టుకున్న కాగితాల కట్ట ఉంది. తిరగేస్తూ ఉంటే ఒకటి కనబడింది. పెన్సిలుతో గీసిన చిత్తు బొమ్మ. మా నాయన నిలబడి కుడిచెయ్యి పైకెత్తాడు. కళ్లకు రంగు లేదు. చేతిలో ఏమీ లేదు, ఇంకా.

"అది పూర్తి కాలేదు నాన్నా. సీసా పెట్టకముందు చెయ్యి ఎంత ఎత్తు ఉండాలో చూసుకున్నా."

"నాకు ఇదే కావాల."

"ఇదా? బాగలేదు. నీకు రంగుది ఇస్తాలే."

"ఇదే ఇయ్యి."

వింతగా చూసి ఇచ్చింది. బస్సులో కాగితం నలగకుండా ఒళ్లో పరుచుకుని కూచున్నాను. ఆ చెయ్యి అంత ఎత్తుకు ఎందుకు లేస్తుందో చూసినవాళ్లకు తెలుస్తుంది. పైన తాడు ఉంది, తాడు పైన గంట ఉంది. పాప ఆ రెండూ గీయలేదు, అంతే.

ఆ బొమ్మకు అద్దం కట్టించి షాపులో తీగ చుట్టే మిషను పైన తగిలించాను. మరుసటి రోజు ఉదయమే ఒక రైతు కాలిన మోటరు దించుకుని స్టూలు మీద కూచున్నాడు. నేను పని మొదలుపెట్టినా ఆయన చూపు పైనే ఉంది.

"ఎవరప్పా ఆయన? చెయ్యెత్తి ఎవరినో పిలుస్తాండాడు."

"మా నాయన" అన్నాను. "చర్చిలో గంట కొట్టేవాడు. జీవితంలో చుక్క ముట్టినోడు కాదు."

రైతు ముఖంలో అప్పటిదాకా ఉన్న మిరపచేను దిగులు కొంచెం తగ్గింది. స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. నవ్వడానికి పెదాలు సిద్ధం చేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నా వైపే చూస్తూ అడిగాడు.

"ఊఁ. తర్వాత?"